సూర్యోదయం చూడని పాడ్యమి

మొన్న మార్చి 19న పరాభవ నామ సంవత్సర ఉగాది చేసుకున్నాం. వేపపువ్వు, కొత్త బెల్లం, మామిడి పిందెలు, సాయంత్రం గుడి మండపంలో పంచాంగ శ్రవణం అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. ఆ రోజు ఆకాశంలో జరిగింది మాత్రం ఏటా జరిగేది కాదు. ఉగాది అంటే చైత్ర శుద్ధ పాడ్యమి. తెల్లవారేసరికి ఏ తిథి ఉంటే ఆ రోజు ఆ తిథిదేనన్నది ఇంటింటా తెలిసిన లెక్క. ఆ పొద్దున సూర్యుడు శ్రీకాకుళంలో ఆరు గంటల ప్రాంతంలో, అనంతపురంలో ఆరుంబావు దాటాక ఉదయించాడు. రెండు చోట్లా అప్పటికి ఉన్నది ఫాల్గుణ అమావాస్యే. 6 గంటల 53 నిమిషాలకు అమావాస్య వెళ్లి పాడ్యమి వచ్చింది. వచ్చిన పాడ్యమి మర్నాడు తెల్లవారకముందే, 4.52కి వెళ్లిపోయింది. 20వ తేదీ పొద్దు పొడిచేసరికి విదియ కూర్చుని ఉంది.

కొత్త సంవత్సరాన్ని మోసుకొచ్చిన పాడ్యమి తెలుగునేల మీద ఒక్క సూర్యోదయాన్నీ చూడలేదు. దీన్నే తిథి క్షయం అంటారు. అలాంటప్పుడు ఏం చేయాలో ధర్మశాస్త్రాలు ముందే తేల్చి ఉంచాయి. రెండు సూర్యోదయాల్లో దేనికీ పాడ్యమి లేకపోతే, అది మొదలైన రోజే ఉగాది. అందుకే 19న చేసుకున్నాం.

అదే రోజు దేశానికి పడమటి కొసన ఉన్న ద్వారకలో సూర్యుడు లేచింది ఇంచుమించు ఏడింటికి. అప్పటికి పాడ్యమి వచ్చి కొద్ది నిమిషాలైంది. కాబట్టి ద్వారకలో ఆ తిథికి క్షయమే లేదు. న్యూజెర్సీలో అక్కడి గడియారం ప్రకారం 18 రాత్రి 9.23కే పాడ్యమి మొదలై, 19 సాయంత్రం 7.22 దాకా ఉంది. అక్కడి తెలుగువాళ్లకు 19 పొద్దున ఏ సందేహమూ లేని పాడ్యమి. సిడ్నీలోనైతే 19 మధ్యాహ్నం 12.23కి వచ్చి 20 పొద్దున 10.22 వరకు నిలిచింది. అక్కడి సూర్యోదయాన్ని పట్టి చూస్తే ఉగాది 20న.

పాడ్యమి ఒక్కటే. అది మొదలైన క్షణం కూడా భూమి అంతటికీ ఒక్కటే. తిథి ఆకాశానిది, రోజు ఊరిది. ఈ రెంటికీ ముడివేసే పని పంచాంగానిది. ఏటా రెండు మూడు పండగలకు ‘ఈ రోజా, రేపా’ అన్న తగువు వస్తుంది. ‘ఒక్క తేదీ మీద నిలబడలేని ఈ లెక్కలేం లెక్కలు’ అని విసుక్కునేవాళ్లూ పెరుగుతున్నారు. ఆ విసుగు అన్యాయమైనదని నా నమ్మకం. రెండు తేదీలు రావడంలో చాలాసార్లు ఎవరి తప్పూ ఉండదు. నిజంగా తప్పున్న చోటు వేరే ఉంది. అక్కడికీ వెళదాం.

పిడికిలితో కొలిచే తిథి

అమావాస్య ముగిసే క్షణాన, భూమి మీద నుంచి చూస్తే సూర్యచంద్రులు ఒకే రేఖాంశం మీద ఉంటారు. అక్కడి నుంచి చంద్రుడు సూర్యుణ్ని దాటి తూర్పుగా సాగిపోతాడు. ఇద్దరి మధ్య ఎడం 12 డిగ్రీలు అయ్యేదాకా పాడ్యమి. 24 అయ్యేదాకా విదియ. అలా 180కి చేరేసరికి పున్నమి ముగుస్తుంది, బహుళ పక్షం మొదలవుతుంది. 360 నిండితే మళ్లీ అమావాస్య పూర్తవుతుంది. నెలకు 30 తిథులు. ఈ లెక్కలో సూర్యోదయం ఊసు లేదు, అర్ధరాత్రి ఊసు లేదు. తిథి అంటే ఆకాశంలో ఇద్దరి మధ్య ఉన్న కోణం.

దీన్ని చూడటానికి పరికరం అక్కర్లేదు. చేయి బారుగా చాపి పిడికిలి బిగించి ఆకాశానికి అడ్డంపెడితే అది సుమారు 10 డిగ్రీలను కప్పుతుంది. అంటే తిథి పిడికిలి కంటే కొంచెం ఎక్కువ. శుద్ధ పక్షంలో సూర్యుడు కుంకే వేళ, అతను దిగిన చోటు నుంచి చంద్రుడి వరకు పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ పోతే తిథి దాదాపుగా చేతికి అందుతుంది. పాడ్యమి నాడు చంద్రుడు కనిపించకపోవడానికి కారణమూ ఇదే. సూర్యుడికి పన్నెండు డిగ్రీల లోపే ఉండి ఆ వెలుగులో కలిసిపోతాడు. విదియ నాడు వెతుక్కోవాలి, తదియ నాడు తనే కనబడతాడన్న మాట ఊళ్లలో ఊరికే పుట్టలేదు. శుద్ధ అష్టమి నాడు పొద్దు కుంకేసరికి సగం చంద్రుడు నడినెత్తి దరిదాపుల్లో ఉంటాడు. పున్నమి నాడు అటు సూర్యుడు దిగుతుంటే ఇటు చంద్రుడు లేస్తాడు. ఆ తర్వాత రోజుకు రెండేసి గడియల చొప్పున ఆలస్యంగా లేస్తూ, బహుళ అష్టమికి అర్ధరాత్రి వేళ వస్తాడు.

సముద్రం మీద బతికేవాళ్లకు ఇది పుస్తకం చదువు కాదు. అమావాస్యకూ పున్నమికీ సూర్యచంద్రులు ఒకే గీత మీద నిలిచి నీటిని లాగుతారు కాబట్టి పోటు ఎక్కువ. అష్టమి ప్రాంతంలో ఇద్దరూ అడ్డదిడ్డంగా లాగుతారు, పోటు మందగిస్తుంది. తిథి తెలిసిన మత్స్యకారుడికి ఆ రోజు నీరు ఎలా ఉంటుందో సగం తెలిసినట్లే.

మరి తిథి ఒకసారి పొడవుగా, ఒకసారి పొట్టిగా ఎందుకుంటుంది? దారి పక్కన మైలురాళ్లు సమాన దూరంలోనే ఉన్నా, బండి ఎత్తు ఎక్కుతూ నెమ్మదిస్తే రాయికీ రాయికీ మధ్య ఎక్కువ సేపు పడుతుంది, పల్లంలో తక్కువ సేపు. చంద్రుడి నడక అలాంటిది. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు రోజుకు 15 డిగ్రీలకు పైగా నడుస్తాడు, దూరంగా ఉన్నప్పుడు 12కూ అందడు. సూర్యుడు రోజుకు ఒక డిగ్రీ చొప్పున ముందుకు జరుగుతుంటాడు, అదీ కాస్త అటూ ఇటూగా. అందుకే తిథి సగటున 23 గంటల 37 నిమిషాలే అయినా, ఒక్కో తిథి సుమారు 20 గంటల నుంచి 27 గంటలకు చేరువ వరకు ఎంతైనా ఉండొచ్చు. మొన్నటి ఉగాది పాడ్యమి ఉన్నది 22 గంటలు. అవి చంద్రుడు భూమికి దగ్గరవుతున్న రోజులు.

పొడవైన తిథి రెండు సూర్యోదయాలను చూస్తుంది. అది తిథి వృద్ధి. పొట్టిది రెండు సూర్యోదయాల మధ్య ఇరుక్కుని ఏదీ చూడకుండా పోతుంది. అది క్షయం. పన్నెండు చాంద్రమాసాల్లో 360 తిథులుంటే రోజులు 354 మాత్రమే. వృద్ధి తిథులు పోగా నికరంగా ఏటా ఆరు తిథులు మన లెక్కలోంచి జారిపోవాలి. ఈ ఏడు ఆ జారిపోయినవాటిలో ఉగాది పాడ్యమి ఉంది, అంతే.

శ్రీకాకుళానికీ అనంతపురానికీ మధ్య ఒక గడియ

పూర్వం కాలాన్ని కొలిచింది నీళ్లతో. అడుగున సన్నటి రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీటి తొట్టిలో వదిలితే, నీరు నిండి మునిగేసరికి ఒక గడియ. రోజుకు అరవై సార్లు మునిగేలా ఆ గిన్నె ఉండాలని సూర్య సిద్ధాంతం చెబుతుంది. గడియ అంటే 24 నిమిషాలు. అందులో అరవయ్యో వంతు విఘడియ, 24 సెకన్లు. రెండు గడియలు ఒక ముహూర్తం. ఏడున్నర గడియలు ఒక జాము. ఈ లెక్క మొదలయ్యేది సూర్యోదయంతో. పాత పంచాంగాల్లో ‘పాడ్యమి ఇన్ని గడియల ఇన్ని విఘడియలు’ అని ఉంటే, ఆ ఊళ్లో సూర్యుడు లేచాక అంతసేపు ఆ తిథి ఉంటుందని అర్థం. ఊరు మారితే అంకె మారిపోతుంది.

ఎంత మారుతుంది? రేఖాంశం ఒక డిగ్రీ జరిగితే నాలుగు నిమిషాలు. శ్రీకాకుళానికీ అనంతపురానికీ మధ్య ఆరు డిగ్రీల పైచిలుకు తేడా. రాత్రీ పగలూ సమానమైన రోజుల్లో రెండు ఊళ్ల సూర్యోదయాలకు మధ్య సుమారు 25 నిమిషాలు, అంటే ఒక గడియ. ఒక్క రాష్ట్రంలోనే ఇంత. ఒక తిథి ఆ గడియ లోపు మారిందంటే ఉత్తరాంధ్రకు ఒక తిథి, రాయలసీమకు ఒక తిథి అవుతాయి. ఇద్దరూ సరిగ్గానే ఉన్నట్టు.

1906లో దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం వచ్చాక ఈ సంగతి మరుగున పడింది. ఇప్పుడు పంచాంగంలో తిథి ముగిసే వేళను గంటల్లో వేస్తున్నారు కాబట్టి ఆ అంకె దేశమంతటా ఒక్కటే. సూర్యోదయమే ఊరూరికీ వేరు. ఏ ఊరి సూర్యోదయాన్ని పట్టి పండగలు నిర్ణయించారో చాలా గోడ క్యాలెండర్లు చెప్పవు. దాన్ని నేను చిన్న లోపంగా చూడలేను. ఆ ఒక్క వాక్యం వేస్తే సగం తగవులు పుట్టవు.

మన పెద్దలు ఊరిని మరిచిపోయిన వాళ్లు కారు. పూజకు కూర్చోగానే చెప్పే సంకల్పాన్ని తలచుకోండి. అందులో సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం చెప్పడానికి ముందే, మనం శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య ఉన్నామో చెప్పుకుంటాం. ముందు చోటు, తర్వాత కాలం. చోటు తెలియకుండా కాలం చెప్పడం కుదరదన్న ఖగోళ సత్యాన్ని రోజూ పూజలో పలుకుతున్నాం. అర్థం తెలిసి పలికితే ఎంత బాగుంటుంది!

క్యాలెండర్ గడిలో ‘తె. 4.52 వరకు’ అని ఉంటే దాన్ని చదవడంలో కూడా చాలామంది తడబడతారు. పంచాంగంలో రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. కాబట్టి 19వ తేదీ గడిలో ఉన్న తెల్లవారుజాము 4.52 ఇంగ్లిషు తేదీల్లో 20వది. ఆ ఒక్క అక్షరాన్ని పట్టించుకోకపోతే రోజంతా తారుమారవుతుంది.

ఏ పండగ ఏ పూటది?

సూర్యోదయానికి ఉన్న తిథే రోజంతటికీ పేరు ఇస్తుంది సరే, పండగలన్నీ సూర్యోదయాన్ని అడగవు. వినాయక చవితికి మధ్యాహ్నం కావాలి. శ్రీరామనవమికీ మధ్యాహ్నమే. కృష్ణాష్టమికి, శివరాత్రికి అర్ధరాత్రి. దీపావళికి సూర్యాస్తమయం తర్వాతి ప్రదోష వేళ. సంకష్టహర చతుర్థికి చంద్రోదయం. విజయదశమికి అపరాహ్ణం. ఆ పూట ఆ తిథి ఉన్న రోజే ఆ పండగ. ఈ నిర్ణయాలన్నిటినీ 1612లో కమలాకర భట్టు ‘నిర్ణయసింధు’లోనూ, 1790లో కాశీనాథ ఉపాధ్యాయుడు ‘ధర్మసింధు’లోనూ కూర్చిపెట్టారు. ఇప్పటికీ మన సిద్ధాంతులు తిరగేసేది ఆ రెండు గ్రంథాలనే.

కావలసిన పూటకు తిథి రెండు రోజులూ ఉంటే? రెండు రోజులూ లేకపోతే? తగువు వచ్చేది అక్కడే. 2023 వినాయక చవితి గుర్తుందా? సెప్టెంబరు 18 మధ్యాహ్నం 12.39కి చవితి వచ్చి, 19 మధ్యాహ్నం 1.43 దాకా ఉంది. పగటిని అయిదు భాగాలు చేస్తే మూడోది మధ్యాహ్నం. అది ఆ రోజుల్లో సుమారు పదకొండు నుంచి ఒంటిగంట దాటేదాకా. 18న ఆ వేళలో చివరి భాగానికి చవితి దొరికింది, 19న మొత్తం వేళకూ దొరికింది. తదియతో కూడిన చవితి వినాయకుడికి శ్రేష్ఠమన్న నియమాన్ని పట్టుకున్నవాళ్లు 18 అన్నారు. పూట నిండుగా చవితి ఉండాలన్నవాళ్లు 19 అన్నారు. తెలుగు రాష్ట్రాల్లో 18న సెలవు, ముంబయిలో 19న గణపతి. తిథి వేళ మీద వాళ్లకూ మనకూ తగాదా ఏమీ లేదు. తేడా వచ్చింది శాస్త్ర వాక్యాన్ని అన్వయించడంలో. న్యాయమూర్తులు ఇద్దరు ఒకే చట్టాన్ని వేరుగా చదివినప్పుడు చట్టం లేదని అనం కదా!

2024 దీపావళి ఇంకో రకం. అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం 3.52 నుంచి నవంబరు 1 సాయంత్రం 6.16 వరకు. 31 రాత్రంతా అమావాస్యే. 1న హైదరాబాద్‌లో సూర్యుడు అస్తమించాక మిగిలింది అరగంట. సూర్యోదయాన్ని పట్టుకుంటే 1న, దీపాల వేళను పట్టుకుంటే 31న. దీపాల పండగకు దీపాల వేళే ప్రధానమని మనం 31న చేసుకున్నాం. సబబైన నిర్ణయమే.

ఏకాదశి సంగతి మరీ సున్నితం. స్మార్తులకు సూర్యోదయానికి ఏకాదశి ఉంటే చాలు. వైష్ణవులకు సూర్యోదయానికి నాలుగు గడియల ముందు, అంటే 96 నిమిషాల ముందు మొదలయ్యే అరుణోదయ వేళలో కూడా దశమి వాసన తగలకూడదు. తగిలితే ఉపవాసం మర్నాటికి. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లవాళ్లు వేర్వేరు రోజుల్లో ఉపవాసం ఉండటానికి కారణం ఇదే. ఎవరి నియమం వాళ్లది, ఇద్దరికీ ఆకాశం ఒక్కటే.

ఇక ముక్కోటి ఏకాదశి తిథినీ సూర్యుణ్నీ రెంటినీ అడుగుతుంది. సూర్యుడు ధనూరాశిలో ఉండగా వచ్చే శుద్ధ ఏకాదశి కావాలి. అందుకే 2025 జనవరి 10న ఒకటి, డిసెంబరు 30న మరొకటి, ఒకే ఇంగ్లిషు సంవత్సరంలో రెండు ముక్కోటులు వచ్చాయి. సంక్రాంతి పూర్తిగా సూర్యుడిదే, తిథితో పని లేదు. కాబట్టి జనవరి 14, 15 దాటి కదలదు. నిజానికి అదీ కదులుతోంది. సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ముందుకు జరుగుతోంది, మన ఒక్క జీవితంలో గమనించలేనంత నెమ్మదిగా.

వచ్చే మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. చాంద్ర సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ. మూడేళ్లకు నెల దాటుతుంది కాబట్టి ఇంచుమించు 33 నెలలకోసారి ఒక నెలను అదనంగా చేరుస్తారు. ఏ నెలను చేర్చాలన్నది ఎవరి ఇష్టమూ కాదు. రెండు అమావాస్యల మధ్య సూర్యుడు రాశి మారకపోతే అది అధిక మాసం. ఈసారి మే 17 ఒంటిగంటన్నరకు, తెల్లవారకముందే, అమావాస్య ముగుస్తుంది. మళ్లీ జూన్ 15 పొద్దున 8.24కి ముగుస్తుంది. సూర్యుడు మిథునంలోకి అడుగుపెట్టేది ఆ మధ్యాహ్నం. కొన్ని గంటల తేడాతో ఒక నెల మొత్తం అధికమైపోయింది! సూర్యుడు నెమ్మదిగా నడిచే ఎండాకాలపు రాశుల్లోనే ఇలా ఎక్కువగా జరుగుతుంది. దీనికి తిరగబడి, ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రమణాలు వస్తే క్షయ మాసం. 1982-83 తర్వాత మళ్లీ వచ్చేది 2123-24లో.

వనపర్తిలో చూసిన గ్రహణం

ఇప్పటిదాకా చెప్పిన తేడాల్లో ఎవరి తప్పూ లేదు. తప్పు ఉన్న చోటు ఇది. తిథి ముగిసే వేళ మీదే రెండు పంచాంగాలు తేడాపడితే ఒకటి తప్పయినట్టే. ఒక క్షణాన సూర్యచంద్రుల మధ్య ఎడం ఒక్కటే ఉంటుంది, రెండు ఉండవు.

వేదాంగ జ్యోతిషంలో అయిదేళ్లకు ఒక యుగం, 1830 రోజులు, 62 చాంద్రమాసాలు. అన్ని తిథులూ సమానమన్న సగటు లెక్క అది. తర్వాతి సిద్ధాంత కర్తలు చంద్రుడి నడక ఒక్క తీరుగా లేదని గుర్తించి, దాన్ని లెక్కకు తెచ్చారు. ప్రపంచ ఖగోళ చరిత్రలో తలెత్తుకు చెప్పుకోదగిన పని అది. ఆ పనిలో మనవాళ్లూ ఉన్నారు. 12వ శతాబ్దంలో మల్లికార్జున సూరి సూర్య సిద్ధాంతానికి తెలుగులోనూ సంస్కృతంలోనూ వ్యాఖ్య రాశాడు. శ్రీశైలం దాపున నివసించిన యల్లయ 15వ శతాబ్దంలో మరో వ్యాఖ్య రాశాడు. గణితాన్ని తెలుగులో చెప్పాలన్న తపన మనకు కొత్త కాదు.

అయితే ఎంత మంచి కొలతలోనైనా రవంత తేడా ఉంటుంది. సూర్య సిద్ధాంతపు సంవత్సరం నక్షత్రాలను బట్టి కొలిచే అసలు సంవత్సరం కంటే సుమారు మూడున్నర నిమిషాలు ఎక్కువ. ఏటా మూడున్నర నిమిషాలు వెయ్యేళ్లకు రెండు రోజుల పైమాట. చంద్రుడి నడకలోని చిన్న ఒడిదుడుకులు కొన్ని పాత పట్టికల్లో లేవు. వెరసి, ఆ పట్టికలతో కట్టిన తిథులు అసలు తిథులకు కొన్ని గంటలు దూరంగా పడుతుంటాయి. పాత గ్రంథాలు రాసినవాళ్లే గణితం కంటికి సరిపోవాలని, సరిపోకపోతే దిద్దుకోవాలని చెప్పారు. కేరళలో పరమేశ్వరుడు 1431లో ‘దృగ్గణితం’ రాసింది ఆ ఉద్దేశంతోనే. దృక్ అంటే చూపు. చూపుకు సరిపడే గణితం.

గణితానికి బహిరంగ పరీక్ష గ్రహణం. అమావాస్య ముగిసే వేళకే సూర్యగ్రహణం పడుతుంది. ఎవరూ దాచలేరు, వాదించి గెలవలేరు. 1868 ఆగస్టు 18న అలాంటి పరీక్ష తెలుగునేల మీదే జరిగింది. ఆ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి చూసిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ పరిశీలనలు హీలియం చరిత్రలో నిలిచిపోయాయి. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. అదే అబ్జర్వేటరీ నుంచి ఇంకో బృందాన్ని తీసుకుని వనపర్తి వచ్చిన వ్యక్తి చింతామణి రఘునాథాచారి. అంతకు ముందు ఏడాదే, 1867లో, ఆయన వెలుగు మారే ఒక నక్షత్రాన్ని కనుగొన్నాడు. సంప్రదాయ జ్యోతిష కుటుంబంలో పుట్టి దూరదర్శిని ముందు పనిచేసిన మనిషి. పాత పట్టికలకూ కళ్లెదుటి ఆకాశానికీ ఉన్న ఎడం ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? దృగ్గణిత పంచాంగాన్ని తనే కట్టి ప్రచురించాడు. 1880లో కన్నుమూశాడు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలి.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘం ఏర్పడింది. దేశంలో వాడుకలో ఉన్న రకరకాల పంచాంగాలను పోగుచేసి పరిశీలించి 1955లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక మీదే 1957 మార్చి 22న జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. కాకినాడకు చేరువగా సాగే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని దేశానికి మధ్యరేఖగా తీసుకున్నారు. ఆ లెక్కతో కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ఏటా రాష్ట్రీయ పంచాంగం వేస్తోంది, తెలుగులో కూడా. దాన్ని కొని చూసేవాళ్లు ఎంతమంది?

గణితం వరకు వస్తే దృగ్గణితానిదే మాట చెల్లాలని గట్టిగా చెబుతాను. పూర్వ పద్ధతిని పట్టుకున్నవాళ్ల భక్తిని గౌరవిస్తూనే చెబుతాను. వాళ్లలో చాలామంది గ్రహణం వేళలను మాత్రం ఆధునిక గణితం నుంచే తీసుకుంటారు. గ్రహణం రోజు ఒక అమావాస్య, మిగతా నెలల్లో ఇంకో అమావాస్య ఎలా కుదురుతుంది? పండగ నిర్ణయంలో శాస్త్ర వాక్యం ఎలా అన్వయించాలన్నది పండితుల మాట. చంద్రుడు ఎక్కడున్నాడన్నది ఆకాశం మాట.

మన చరిత్ర కూడా తిథుల మీద నిలబడి ఉంది. తెలుగు శాసనాల్లో శక సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం చెక్కించారు. ఆ తిథి ఆ వారానికి పడిందా అని లెక్కకడితే శాసనం తేదీ ఖాయమవుతుంది, కొన్నిసార్లు దొంగ శాసనమూ పట్టుబడుతుంది. 1896లో సీవెల్, దీక్షిత్ కలిసి, తర్వాత స్వామికన్ను పిళ్లై ఒంటిచేత్తో వందల ఏళ్ల పట్టికలు కట్టింది అందుకే. తిథి లేకపోతే మన రాజుల కాలనిర్ణయంలో సగం చీకటి.

నాన్నగారి తిథి

పండగల కన్నా తిథి అవసరం మనసుకు దగ్గరగా తగిలేది ఆబ్దికం దగ్గర. ‘రేపు మా నాన్నగారి తిథి’ అంటాం. ఇక్కడ కావలసిన పూట అపరాహ్ణం, పగటి అయిదు భాగాల్లో నాలుగోది. ఆ వేళకు తిథి ఉన్న రోజే తద్దినం. క్యాలెండర్ గడిలో పెద్ద అక్షరాల్లో కనిపించేదేమో సూర్యోదయ తిథి. రెండూ ఒకే రోజు కావాలని లేదు. గడి చూసి రోజు ఖాయం చేసుకున్నవాళ్లు తల్లిదండ్రుల తద్దినాన్ని ఒక రోజు తప్పే ప్రమాదముంది. పురోహితుణ్ని అడిగేది అందుకే. ఆయన చూసేది గడిలోని పేరును కాదు, తిథి ముగిసే వేళను.

చనిపోయిన తిథి అంటే ప్రాణం పోయిన క్షణంలో ఉన్న తిథి. మొన్న మార్చి 20 తెల్లవారుజామున నాలుగున్నరకు విజయవాడలో ఒక పెద్దాయన పోయారనుకుందాం. ఆసుపత్రి కాగితం మీద 20వ తేదీ ఉంటుంది. క్యాలెండర్లో ఆ గడిలో విదియ ఉంటుంది. కానీ ఆ క్షణానికి ఉన్నది చైత్ర శుద్ధ పాడ్యమి. ఆ వార్త ఫోన్లో విన్న కొడుకు న్యూజెర్సీలో ఉంటే అతని గోడ గడియారం 19వ తేదీ సాయంత్రం ఏడు చూపిస్తుంటుంది. కూతురు సిడ్నీలో ఉంటే ఆమెకు 20 పొద్దున పది. తేదీలు వేరు, పూటలు వేరు, తిథి ముగ్గురికీ పాడ్యమే. పై ఏడాది నుంచి ఎవరున్న ఊళ్లో అపరాహ్ణ వేళకు ఆ పాడ్యమి ఉంటుందో ఆ రోజు వాళ్లు పెట్టుకోవాలి. ఇంటి తేదీ వేరైందని బెంగపడనక్కర్లేదు. అధిక మాసంలో పోయినవారికి మామూలు సంవత్సరాల్లో అదే పేరున్న నెలలో పెడతారు.

ఇలాంటి సందేహాలు ఏళ్ల తర్వాత కుటుంబాల్లో తలెత్తుతాయి. ‘అమ్మ పోయింది రాత్రి పన్నెండు దాటాకా, ముందా’ అని అన్నదమ్ములు గుర్తుచేసుకోలేక ఇబ్బందిపడతారు. తిథి పేరును మాత్రం కాగితం మీద రాసుకుంటే చాలదు. ఆ పేరును ఆ హడావుడిలో ఎవరు, ఏ క్యాలెండర్ చూసి చెప్పారో తర్వాత తెలియదు. ఇంగ్లిషు తేదీ, గంట, నిమిషం, ఊరు రాసి పెట్టుకోండి. ఆ నాలుగూ ఉంటే, పదేళ్లకైనా యాభై ఏళ్లకైనా ఏ సిద్ధాంతి అయినా తిథిని సరిగ్గా లెక్కకట్టి చెప్పగలడు.